వాచిన పెదవి

దొప్ప అడుగున బెల్లం పలుకు మిగిలిందనుకుని హనుమండ్లు ఆఖరి గుక్క పీల్చబోయాడు. ఆ పలుకు కదిలింది. కింది పెదవి నడుమ కాల్చిన సూది దిగినట్టయి పానకమంతా చొక్కా మీద ఒలికింది. ఎర్రటి కందిరీగ ఒకటి తడిసిన రెక్కలు విదిలించుకుంటూ మోదుగాకు అంచు మీదకు పాకి, కాసేపు ఏమీ ఎరగనట్టు అక్కడే కూర్చుని, పందిరి గుంజల నడుమ నుంచి ఎండలోకి ఎగిరిపోయింది. పెదవే దొరికిందా దానికి! చెవి ఉంది, మెడ ఉంది, వీపంత వీపు ఉంది, ఎక్కడ కుట్టినా నవ్వి తుడుచుకునేవాడు. సన్నాయి ఊదేవాడికి పెదవి మీద, అదీ లగ్గం ఇంట్లో, అదీ ముహూర్తం దగ్గరపడుతున్న వేళ. ముందు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా చూశారా అని. తమ్ముడు బాలమల్లు చూశాడు. పాటకు తోడుపట్టే సుతి సన్నాయి ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నవాడు తుడవడం ఆపి, ఏమీ అడగకుండా, అన్న మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. వాడెప్పుడూ అంతే, అడగడు.

డోలు వెంకటి మాత్రం ఊరుకోలేదు. "అయ్యో అన్నా, గదేంది, కందిరీగనా?" అంటూ నడుముకు చెక్కుకున్న సున్నపుకాయ తీసి, చూపుడువేలితో ఇంత సున్నం పెదవికి మెత్తాడు. సున్నం చల్లగా తగిలి, ఆ వెంటనే మండింది. కుట్టిన చోట చిన్న తెల్లటి బొడిపె లేచింది. నాలుకతో తాకితే ఆవగింజంత ఉంది. ఇంతే అయితే ఫికరు లేదనుకున్నాడు. మళ్ళీ తాకేసరికి శనగగింజంతయింది. తరువాత గింజ లేదు, దాని చుట్టూ ఉన్న పెదవంతా తానే ఒక గింజయి ఉబ్బుతున్నది. వేడి. ఎవరో నోటి దగ్గర కుంపటి పెట్టి వెళ్ళినట్టు. ఆ వేడిలో ఒక దెబ్బ, ఆగి మరో దెబ్బ. గుండె కొట్టుకుంటుంటే గుండెలో తెలియడం లేదు, పెదవిలో తెలుస్తున్నది. ఇన్నేండ్లు గుండె ఎక్కడ కొట్టుకుంటున్నదో పట్టించుకున్న పాపాన పోలేదు గాని ఇప్పుడు పెదవిలో దాని లయ ఎంత తిన్నగా ఉంది! వెంకటి డోలు మీద ఒక్కోసారి పరుగెత్తుతాడు, ఇది పరుగెత్తడం లేదు. లోపల ఆడవాళ్ళు మంగళస్నానం పాటలు అందుకున్నారు. గాడిపొయ్యి మీద పెద్ద గంగాళంలో పప్పు ఉడుకుతున్న వాసన. లక్సెట్టిపేటకు గోదారి దగ్గరే అయినా ఈ ఎండాకాలం ఆ దిక్కు నుంచి కూడా గాలి లేదు.

ఈ ఇంటి లగ్గాలకు తాతల నాటి నుంచి సన్నాయి తమదే. దొరగారి పెండ్లికి తండ్రి గంగయ్య ఊదాడు, ఈ పెండ్లికూతురు పుట్టిన తరువాత తొట్లెలో వేసిన రోజు తానే ఊదాడు. కాని ఈసారి పందిరి ఎదుట తాటిచెట్టు మొద్దుకు ఒక పెద్ద ఇత్తడి పువ్వును కట్టారు. మంచిర్యాల నుంచి మైకు సెట్టు తెప్పించారు పెండ్లికూతురి అన్నలు. బ్యాటరీ మీద నడుస్తుందట. పెట్టె మూత తీసి నల్లటి పళ్ళెం పెడితే సినిమా పాట ఊరవతల దాకా వినిపిస్తుందట. పొద్దున్నుంచి దాని మనిషి "హలో, హలో" అంటూ ఊదుతున్నాడు, ఊదడానికి వాడికి పెదవులు బాగానే ఉన్నాయి. పుస్తె కట్టే వేళ కూడా రికార్డే పెడదామని వాళ్ళన్నారనీ, దొరసాని తారాబాయి ఒప్పుకోలేదనీ వెంకటి వినుకొచ్చాడు. "నా బిడ్డ మెడల పుస్తె పడేటప్పుడు మనిషి ఊపిరి మోగాలె, పెట్టె గాదు" అన్నదట ఆవిడ. ఆ మాట పొద్దున విన్నప్పుడు హనుమండ్లుకు ఒళ్ళు పొంగింది. ఇప్పుడు పెదవి పొంగుతున్నది. సన్నాయి మూగబోతే మైకు మనిషి పళ్ళెం చేత పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈ ఇంట ఒకసారి పెట్టె మోగిందంటే రేపు రెడ్ల ఇంట, ఎల్లుండి కోమట్ల ఇంట అదే మోగుతుంది, ఎవరాపుతారు?

సన్నాయి అందుకుని దాని కొసనున్న రెల్లు పీకను పెదవుల మధ్య పెట్టి చూశాడు. పెదవి పీకను పట్టలేదు. పట్టడం కాదు, పీక ఎక్కడుందో దానికి తెలియలేదు. తన నోటికి పరాయి వాళ్ళ పెదవి అతికించినట్టుంది. ఒకపక్క మొద్దుబారింది, ఆ మొద్దుబారిన దాని లోపల నుంచే సలుపు. గాలి పక్కనుంచి బుస్సుమని పోయింది. పందిరి కింద కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేర్చుకునే రోజుల్లో పెదవులు ఎన్నిసార్లు వాయలేదు! గోదారి ఒడ్డున, ఇసుక చల్లగా ఉండగానే, తండ్రి ఎదురుగా కూర్చోబెట్టి చెంబు నిండా నీళ్ళు పెట్టి రెల్లుపుల్ల నోట్లో పెట్టి ఊదమనేవాడు. బుడగ తెగకూడదు. ముక్కుతో పీల్చు, బుగ్గలో దాచు, దాచింది వదులు, వదులుతూనే పీల్చు. బుడగ తెగితే తండ్రి తిట్టడు, కొట్టడు, చెంబులో నీళ్ళు గోదాట్లో పారబోసి మళ్ళీ ముంచుకొస్తాడు, అంతే. ఆ నీళ్ళు పారబోసిన చప్పుడే పెద్ద తిట్టు. పీక పట్టిన కొత్తలో పెదవి లోపలంతా పుండయి, ఎర్రగా ఉబ్బి, వేడి జొన్నగడ్క తింటుంటే కండ్లల్లో నీళ్ళు. అవ్వ గడ్కను పళ్ళెంలో పరిచి విసనకర్రతో చల్లార్చి పెట్టేది. తండ్రి పెదవి కిందకు లాగి చూసి, "వాయనియ్యి బిడ్డా. వాసి దిగినంక తోలు గట్టిపడతది. గట్టిపడ్డ పెదవే మన గెట్టు, మన ఎవుసం" అనేవాడు. భూమి లేని మంగలి గంగయ్యకు అదే ఎవుసం. పొద్దున కత్తి, లగ్గాల కాలంలో సన్నాయి. రజాకార్ల గడబిడ అయిన ఏడు జ్వరంతో పడుకుని, తాను లేకపోయినా పెదవి ఎండనీయకండని చెప్పి పోయాడు. ఎండనీయలేదు. ఇన్నేండ్ల నుంచి ఒక్క లగ్గం కూడా తప్పలేదు.

"ఏందయ్యా హనుమండ్లు, మూతి గట్లయిందేంది?"

తలెత్తితే డాక్టరు భూపాల్‌రావు. పెండ్లికూతురికి మేనమామ, పట్నంలో డాక్టరు చదువు చదివి కరీంనగర్ దవాఖానాలో కొత్తగా చేరినవాడు. తెల్ల ప్యాంటు, చేతిలో మజ్జిగ గ్లాసు. వెంకటి జరిగింది చెప్పాడు. డాక్టరు మజ్జిగ గ్లాసు గుంజ పక్కన పెట్టి, పంచె కట్టినవాడిలాగే నేల మీద గొంతు కూర్చుని హనుమండ్లు గదుమ పట్టుకుని వెలుగుకు తిప్పాడు.

"ఊపిరి మంచిగ ఆడుతుందా? గొంతుల ఏమన్న పట్టినట్టున్నదా? ఒంటి మీద దద్దుర్లు లేచినయా?"

"లేదు దొరా." మాట లోపల ఎక్కడో తడిసి బయటికొచ్చింది.

"అయితే డర్ లేదు. సున్నం తుడిచెయ్యి, తోలు కాలుతది. సల్లటి నీళ్ళ గుడ్డ పెట్టు."

"దొరా, గంటల దిగాలె," అన్నాడు హనుమండ్లు.

డాక్టరు నవ్వలేదు. సన్నాయి వంకా పందిరి వంకా చూసి, కొంచెం ఆలోచించి చెప్పాడు. "గిది రోగం గాదు హనుమండ్లూ. విషం వడ్డ తావుకు నీ ఒళ్ళే రక్తాన్ని తోలుతుంది. ఆడ సన్నటి నరాలు ఎడల్పయితయి, అందుకే ఎరుపు, అందుకే వేడి. వాటిల్లకెల్లి నీరు బయటికి ఊరుతది, అందుకే ఉబ్బు. ఆ నీళ్ళతోని తెల్లకణాలొచ్చి ఆడ చెడినదాన్ని సాపు చేస్తయి. నీ ఒళ్ళు నిన్ను కాపాడుతుంది, తెలిసిందా?"

"మరి గీ నొప్పేంది దొరా?"

"నొప్పి లేకుంటె నువ్వు ఊకుంటవా? గిప్పుడే సన్నాయి అందుకుంటివి గదా, నేను చూసిన. దెబ్బ తాకినదాన్ని కదిలియ్యకు, జర పని ఆపు, అని చెప్పుడే నొప్పి." లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "రేపటికల్ల దిగుతది. గని లగ్గం గడియ చూసి దిగదు. దాని గడియ దానిదే."

వెంకటి చన్నీళ్ళ గుడ్డ తెచ్చి ఇచ్చాడు. గుడ్డ పెట్టుకుని గుంజకు ఆనుకుంటే కాస్త ప్రాణం కుదుటపడింది. పిలవకుండానే రక్తం ఉరికొచ్చిందట, ఆశ్చర్యం. అక్కడ దెబ్బ తగిలిందని కాళ్ళల్లో ఉన్న రక్తానికి ఎవరు చెప్పారు? వాడలో ఒకరి ఇంటి కప్పు అంటుకుంటే బిందెలు పట్టుకుని అందరూ ఉరికొచ్చినట్టు, వచ్చినవాళ్ళ తొక్కిడికే ఇంటి ముందు గోడ కూలినట్టు. ఈ పెదవి ఇప్పుడు అట్లా ఉంది. మంచికే వచ్చారు, కాని తలుపు తీయడానికి కూడా సందు లేదు. నవ్వొచ్చింది. నవ్వితే పెదవి చిట్లినంత నొప్పి. నవ్వు కూడా ఆపు అంటున్నది. గుడ్డలోని చల్లదనం కాసేపట్లోనే పోయింది, పెదవి వేడంతా గుడ్డకు ఎక్కింది. గుడ్డ మీద నుంచి ఆ వేడి అరచేతికి తగిలింది. ఈ వేడి తన చేతికి తెలుసు. ఎప్పుడో పట్టుకుంది. ఇట్లాగే, అరచేతిలో, తడిగుడ్డ మీద నుంచి.

బాలమల్లు వేలు. అవ్వ వడ్లు దంచుతుంటే చిన్నోడు రోట్లో చెయ్యి పెట్టాడు, రోకలి పడ్డది. కుడిచేతి ఉంగరం వేలు. ఆ రోజు వాడు ఏడ్చిన ఏడుపు గుర్తులేదు గాని ఆ వేలు గుర్తుంది, మాపటికి లేత వంకాయలా నిగనిగలాడుతూ ఉబ్బి, ఎర్రగా, గోరు కింద నల్లగా. తడిగుడ్డ చుట్టి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నది తానే. వేలు తన అరచేతిలో పిట్టపిల్లలా కొట్టుకున్నది. చిన్నోడు తొడ మీద తలపెట్టి, "అన్నా, ఇడువకు" అన్నాడు. విడవలేదు. ఆ యేడే తండ్రి వాణ్ణి కూడా నేర్చుకోవడానికి కూర్చోబెట్టాలనుకున్నాడు. ఈ వేలుతో రంధ్రాలు మూయలేడని, "వాపు దిగేదాక సుతి పట్టు బిడ్డా" అని వాడికి సుతి సన్నాయి ఇచ్చాడు. దానికి వేళ్ళతో పని లేదు, రంధ్రాలన్నీ మైనంతో మూసే ఉంటాయి. ఒక్కటే స్వరం, గాలి తెగకుండా పట్టడమే. వాపు దిగింది. కొత్త గోరు వచ్చింది. వేలు తిన్నగానే ఉంది, ఆ వేలుతోనే వాడు కత్తి పట్టి ఊరందరికీ గడ్డాలు గీస్తాడు. సుతి మాత్రం వాడి చేతిలోనే ఉండిపోయింది. తండ్రి మరిచాడా? తండ్రికి సుతి పట్టేవాడు కావాలి, వాడు బాగా పట్టాడు, బాగా పట్టినందుకే ఉండిపోయింది. తరువాత తనకు కావలసి వచ్చింది. వాడు అడగలేదు. ఎవరూ ఇవ్వలేదు. వాడికి పెండ్లయింది, ఇద్దరు పిల్లలు, చెవుల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి.

గుడ్డ తీసి తమ్ముడి వైపు చూశాడు. బాలమల్లు పందిరి లోపలికి చూస్తున్నాడు, పురోహితుడు పీటలు వేయిస్తున్న వైపు. ఒళ్ళో సుతి సన్నాయి. దాని కర్ర మీద వాడి వేళ్ళు కదులుతున్నాయి. ఒకటి లేచి, రెండు వాలి, ఉంగరం వేలు చివర ఆగి, జారి. రంధ్రాలు లేని చోట. వాడికి తెలియకుండానే కదులుతున్నట్టున్నాయి. హనుమండ్లు ఆ వేళ్ళను చూస్తూ లోపల అనుకుంటూ పోయాడు, ఇది పెండ్లికూతుర్ని తెచ్చేటప్పటి పాట, ఇదిగో ఇక్కడ పైకి పోవాలి, పోయింది, ఇక్కడ తిరగాలి, తిరిగింది. ఒక్క వేలు తప్పలేదు. ఎన్నేండ్ల నుంచి కదులుతున్నాయివి? పక్కనే కూర్చుని, మోచేతికి మోచెయ్యి తగులుతూ, తాను కండ్లు మూసుకుని ఊదుకుంటూ పోయాడు.

లోపలి నుంచి గాజుల చప్పుడు, దొరసాని తారాబాయి గుమ్మంలోకి వచ్చింది. పట్టుచీర చెంగుతో చెమట తుడుచుకుంటూ, "ఏమాయె హనుమండ్లూ, పిల్లను తీస్కొస్తున్నరు. నీ మూతి సంగతి మా తమ్ముడు చెప్పిండు. ఊదుతవా, లేకుంటె పోరగాండ్లను పెట్టె పెట్టుమందునా? నిజం చెప్పు, నాకేం కోపం లేదు" అన్నది. ఆమె వెనకాల మైకు మనిషి పళ్ళెం మీద దుమ్ము ఊదుతున్నాడు.

హనుమండ్లు లేచి నిలబడ్డాడు. తమ్ముడిని పేరు పెట్టి పిలవబోతే పెదవులు కలవలేదు, పేరు పేరులా రాలేదు. సన్నాయి తీసి వాడి ఒళ్ళో పెట్టాడు. వాడి ఒళ్ళో ఉన్నది తాను తీసుకున్నాడు.

"నువ్వు ఊదు."

బాలమల్లు దాన్ని మళ్ళీ అన్న వైపే చాచాడు. "నేనేందన్నా. నాకేడొస్తది. ఇంతమందిల... ఇజ్జత్ పోతది."

"ఊదు," అన్నాడు హనుమండ్లు. ఇంకా చాలా చెప్పాలని ఉంది, పెదవి పడనివ్వలేదు. బాగే అయింది, చెప్పి ఉంటే ఇద్దరూ ఏడ్చేవాళ్ళు. దొరసాని ఇద్దరి మొహాలూ చూసి, "ఎవరో ఒకరు కానియ్యుండ్రి, పిల్ల వస్తుంది" అని వెళ్ళిపోయింది.

సుతి సన్నాయిని ఎడమ పెదవి మూలన ఇరికించాడు, అక్కడ వాపు కాస్త తక్కువ. ఊదితే మొదట చొంగ కారింది. రెండోసారి గాలి. మూడోసారి స్వరం. కండ్లల్లో నీళ్ళు తిరిగేంత నొప్పి. ఆపు, ఆపు, కదిలించకు అంటున్నది, వింటున్నా తల్లీ, ఇంకొంచెంసేపు. ముక్కుతో పీల్చు, బుగ్గలో దాచు. ఇది ఇంత కష్టమా? నడుమ ఆగి ఊపిరి తీసుకునే సందు లేదు, స్వరం మార్చి పెదవికి విశ్రాంతి ఇచ్చే వీలు లేదు. వీడు ఇన్నేండ్లు ఇది పట్టాడు. పక్కన బాలమల్లు ఇంకా మొదలుపెట్టలేదు. సుతి ఒక్కటే పందిరంతా నిండి, నిలిచి, ఎదురు చూస్తున్నది. జనం తలలు తిప్పారు. అప్పుడు సన్నాయి ఒక్క కూత కూసి, చీలి, తెగింది. ఎవరో నవ్వారు. వెంకటి డోలు మీద దెబ్బ సగానికి తగ్గించి, వాడికి చోటిచ్చాడు. మళ్ళీ మొదలయింది. వణుకుతూ, గోడ పట్టుకుని నడిచేవాడిలా, ఒక స్వరం, దాని పక్కన మరొకటి.

పెండ్లికూతురు గంపలో కూర్చుని వచ్చింది. బాలమల్లు కండ్లు మూశాడు. హనుమండ్లు మూయలేదు, వింటున్నాడు. తాను ఊదేటప్పుడు వినడం ఎక్కడిది, ఊదడమే ఉండేది. వీడి పాట తండ్రిది కాదు, తనదీ కాదు. తాను అయితే ఇక్కడ చకచకా మెట్లు దిగి చప్పట్లు కొట్టించేవాడు. వీడు దిగలేదు. పైకి పోయినవాడు అక్కడే నిలబడ్డాడు, నిదానంగా, దిగాలన్న తొందరే లేకుండా, ఇంత ఎండలో ఎక్కడో నీడ దొరికినట్టు. అవును, ఒకే స్వరం మీద బతుకంతా కూర్చున్నవాడికి స్వరం మీద నిలబడటానికి భయమెందుకుంటుంది? ముసలివాళ్ళు మాటలు ఆపారు. వంట దగ్గర గరిటె చప్పుడు కూడా ఆగింది. వాడు దిగి వచ్చి సుతిని తాకినప్పుడల్లా తన పెదవిలో ఆ తాకిడి తెలిసింది, నొప్పిలోనే, నొప్పి పక్కనే. ఇన్నేండ్లు వీడికి ఇది తెలుస్తూ ఉండేదా? తాను పాటలో ఎక్కడెక్కడో తిరిగి ఇంటికొచ్చినప్పుడల్లా వీడికి తెలిసేదా? పురోహితుడు చెయ్యెత్తాడు, అక్షింతలు లేచాయి, వెంకటి రెండు చేతులా డోలు బాదాడు, బాలమల్లు ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. పుస్తె పడ్డది. హనుమండ్లు చొక్కా ముందంతా చొంగతోనూ కన్నీళ్ళతోనూ తడిసిపోయింది, స్వరం మాత్రం తెగలేదు.

భోజనాల వేళకు మైకు పెట్టి సినిమా పాటలు మోగించారు. మోగనీ. బాలమల్లు విస్తరి ముందు కూర్చుని ఏమీ తినలేదు. దొరసాని వాడి విస్తరిలో రెండో బూరె తానే వేసి పోయింది. డాక్టరు దూరం నుంచే హనుమండ్లు మూతి చూసి, "ఊకుండుమంటే ఊకున్నవా?" అని తల ఊపాడు.

ఆ మాపు పెదవి ఇంకా ఉబ్బింది. పొద్దుగూకిన తరువాత సలుపు దురదగా మారింది, దురద ఎప్పుడు ఆగిందో నిద్రలో తెలియలేదు. మర్నాడు అప్పగింతలు. తెల్లవారి గోదారి ఒడ్డున మొహం కడుక్కుంటూ నాలుకతో తడిమితే కుట్టిన చోట చిన్న గింజ తప్ప ఏమీ లేదు. తోలు వదులుగా, కాస్త ముడతలు పడి, అయినా తనది. పెదవి మంట ఆర్పడానికి ఉరికొచ్చినవాళ్ళంతా పని చూసుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయినట్టున్నారు. పెదవులు కలిపి బిగించి చూశాడు. పీకను పట్టగలవు.

పందిరి దగ్గర బాలమల్లు అప్పటికే వచ్చి చాప పరిచాడు. సన్నాయి అన్న కూర్చునే వైపు పెట్టి, సుతి తన వైపు పెట్టుకున్నాడు. హనుమండ్లు వచ్చి నిలబడ్డాడు. తమ్ముడు అన్న మొహం చూశాడు.

"దిగింది గదన్నా."

"దిగింది."

బాలమల్లు సుతి అందుకోబోయాడు. హనుమండ్లు అంతకంటే ముందు వంగి దాన్ని తీసుకుని, తమ్ముడు కూర్చునే వైపు తాను కూర్చున్నాడు.

"అన్నా, ఏంది గిది? మంచిగైతివి గదా."

"అయితే ఏంది? కూసో."

వాడు నిలబడే ఉన్నాడు. లోపల పెండ్లికూతురు ఏడుపు మొదలయింది, బండి కట్టిన ఎడ్ల మెడలో గంటలు కదులుతున్నాయి. హనుమండ్లు పీకను నాలుకతో తడిపి, ముక్కు నిండా గాలి పీల్చి, సుతి అందుకున్నాడు. బుగ్గలు నిండాయి, స్వరం లేచి పందిరి నిండా నిలబడింది. దాన్ని తెగనీయకుండా పట్టుకుని, తమ్ముడు కూర్చునేదాకా చూశాడు.